కెప్టెన్ పెట్టిన పేర్లు

"కేసు అయిపోయిందండీ అత్తగారూ. మీరు ఆలస్యంగా వచ్చారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆవిడకు పెళ్లి కాలేదు. కూతుళ్లూ లేరు, అల్లుళ్లూ లేరు. అయినా నేర పరిశోధన విభాగంలో ఉన్నన్నాళ్లూ అందరూ ఆవిడను అత్తగారనే పిలిచారు. కొత్త కోడలి వంటలో వంక వెతికినట్టు ఎదుటివాడి మాటలో వంక వెతుకుతుందని ఆ పేరు పెట్టినవాడు ఈ ఇన్‌స్పెక్టరే. అప్పట్లో ఆవిడ కింద పనిచేసిన కుర్రాడు. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నా పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. ఆవిడా ఊరుకోలేదు. అతన్ని అల్లుడూ అనే పిలుస్తుంది.

"అయిపోయిన కేసుకి కాపలా ఎందుకు అల్లుడూ? పక్కకి జరుగు."

అతను జరిగాడు, కానీ మనస్ఫూర్తిగా కాదు.

అది మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల వసతి గృహం. కింద వంటిల్లు, భోజనాల గది, మందుల గది. పైన పడక గదులు. నిన్న పొద్దున, వారం వారం వచ్చే డాక్టరు ఈ మెట్ల కిందే చనిపోయి కనిపించాడు. తల వెనక దెబ్బ. మెట్ల పైన, ఒక చిన్న స్టూలు మీద, ఆయన స్టెతస్కోపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు కెప్టెన్. ముప్పై దాటిన మనిషి, ఎప్పుడూ నీలం టోపీ పెట్టుకుంటాడు కాబట్టి అందరికీ కెప్టెన్. మాటలు పదో పన్నెండో వచ్చు. నువ్వే తోశావా అని ఇన్‌స్పెక్టర్ అడిగితే, అవునన్నాడు.

సాయంత్రం బండి వస్తుంది. కెప్టెన్‌ను పిచ్చాసుపత్రిలో తాళాలు వేసే వార్డుకు తీసుకుపోతారు. అక్కడికి వెళ్లినవాళ్లు నడిచి తిరిగిరావడం అరుదు. నిన్న రాత్రే కెప్టెన్ అక్క ఫోన్ చేసి ఏడవకుండా ముందుగా చెప్పిన మాట ఇది: "వాడు ఎవర్నీ తొయ్యడు మేడమ్. ఇష్టం లేకపోతే మంచం కింద దూరతాడు, అంతే." అత్తగారికి ఏడ్చేవాళ్లకన్నా ఏడవనివాళ్ల మాట మీద నమ్మకం ఎక్కువ.

"పోస్ట్‌మార్టమ్ చూశావా?"

"తలకి దెబ్బ అని నోటిమాటగా చెప్పారు. రిపోర్టు రేపొస్తుంది. చాలదూ?"

"చాలేదైతే నన్ను పిలిచేవాళ్లు కాదు."

వసతి గృహాన్ని నడిపే ఆవిడ భోజనాల గదిలో కూర్చుని ఉంది. నర్సుగా చాలా ఏళ్లు చేసి ఇక్కడికి వచ్చిన మనిషి. ఇక్కడుండే వాళ్లందరికీ ఆవిడ పెద్దమ్మ. చీర మడతలో ఒక్క ముడత లేదు. గొంతు పంచదార పాకం.

"ఏం జరిగిందో చెప్పండి పెద్దమ్మగారూ."

"ఏముందండీ, నేను మందుల గదిలో ఉన్నాను. ధబ్బుమని చప్పుడైంది. పరిగెత్తుకుంటూ వచ్చాను. అప్పటికే ఆయన ప్రాణం లేదు. వెంటనే ఫోన్ చేశాను."

"వెంటనే?"

"ఆ క్షణంలోనే."

"వంటావిడ చప్పుడు విన్నదట. పాలు ఇచ్చే గంట కొడుతుంటే, అంటే పదకొండింటికి. మీ ఫోన్ వెళ్లింది పదకొండున్నరకి. మీ క్షణం కాస్త పొడుగ్గా ఉందే."

పెద్దమ్మ నీళ్లు నమల్లేదు. నవ్వింది. "కాళ్లూ చేతులూ ఆడలేదండీ. మీరు పోలీసులు, మీకు శవాలు అలవాటు. నాకు ఆయన దేవుడులాంటి మనిషి."

"పోయిన నెల ఇక్కడ ఒక అమ్మాయి చనిపోయింది కదూ. గువ్వ అని పిలిచేవారట."

ఈసారి నవ్వు రావడానికి కొంచెం టైం పట్టింది. "పాపం. ఇలాంటివాళ్ల ఆయుష్షు అంతేనండీ. ఎందుకు పోతారో ఎవరికీ తెలీదు."

అత్తగారికి ఒళ్లు మండింది. ఎందుకు పోయిందో తెలుసు. కెప్టెన్ అక్క చెప్పింది. గువ్వ రెండు రోజులు పొట్ట పట్టుకుని దొర్లింది. పిచ్చి ముదిరిందనుకుని, నోరు మూయించడానికి మత్తు సూది వేశారు. లోపల అపెండిక్స్ పగిలింది. మత్తులో ఉన్న పిల్ల అరవలేదు కాబట్టి తగ్గిందనుకున్నారు. ఆ రెండు రోజులూ డాక్టరుకు ఎవరూ కబురు పెట్టలేదు. నిన్న ఆయన వచ్చింది ఆ సంగతి అడగడానికే.

"మత్తు సూది ఎవరు వేశారు?"

"ఎవరేమిటండీ, అవసరమైతే ఎవరైనా వేస్తారు," అని పెద్దమ్మ లేచింది. "నాకు పైన పని ఉంది. వాడి బట్టలు సర్దాలి."

అత్తగారు మెట్ల దగ్గరకు వచ్చింది. వెనకే ఇన్‌స్పెక్టర్, చేతులు కట్టుకుని. కింద నేల మీద ఎండిన రక్తం మరక పళ్లెమంత ఉంది. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూసింది.

"పడగానే పోయినవాడికి ఇంత రక్తం కారుతుందా అల్లుడూ? గుండె ఆగిపోయాక రక్తం ఎవరు తోస్తారు?"

"తలకి దెబ్బ తగిలితే కారుతుంది. మీరు డాక్టరు కాదు కదా."

"నువ్వు కూడా కాదు. ఆయన చొక్కా ఫొటో చూపించు."

అతను ఫోన్ తీసి చూపించాడు. పై రెండు గుండీలు విడిపోయి ఉన్నాయి, బనీను కనిపిస్తోంది. "చూశారా, పెనుగులాట. వీడు కాలరు పట్టుకుని లాగాడు. స్టెతస్కోపు లాక్కున్నాడు. తోసేశాడు."

"ఫొటో పెద్దది చెయ్యి. ఇంకా. లాగితే గుండీ తెగుతుంది, లేకపోతే కాజా చిరుగుతుంది. ఈ రెండూ చక్కగా ఉన్నాయి. ఇవి ఊడలేదు, ఎవరో విప్పారు. తీరిగ్గా విప్పారు. తన్నుకుంటూ ఎవడైనా చొక్కా గుండీలు విప్పుకుంటాడా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. అతనికి ఎప్పుడూ ఇదే చిక్కు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాడు, ఆవిడ దగ్గర నేర్చుకున్నానని ఎవరికీ గుర్తు రాకూడదనీ కోరుకుంటాడు.

"అత్తగారూ, వాడు ఒప్పుకున్నాడు. నా ముందు. సాక్షుల ముందు. ఇంకేం కావాలి మీకు?"

"వాడి చేత నేనూ ఒప్పిస్తాను. పద."

పై గదిలో కెప్టెన్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. టోపీ తిన్నగా ఉంది. పక్కన అక్క. బస్సులో కండక్టరు ఉద్యోగం, యూనిఫాం మీదే వచ్చేసింది. కెప్టెన్ వచ్చిన వాళ్లను చూసి లేవలేదు, కదల్లేదు. రెప్పలు బరువుగా వాలుతున్నాయి.

"చూశారా ఎంత బుద్ధిగా ఉన్నాడో," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నిన్న పొద్దున ఇలా ఉంటే డాక్టరు బతికేవాడు."

"వీడు ఇలా ఉండడు మేడమ్," అంది అక్క మెల్లగా. "నిమిషం ఒకచోట కూర్చోడు. నేను వచ్చేసరికే ఇలా ఉన్నాడు."

"భయపడి ఉంటాడమ్మా. ఇంతమంది పోలీసుల్ని చూస్తే ఎవరికైనా నోరు పెగలదు," అంది అత్తగారు. ఆవిడ ధ్యాసంతా ఇన్‌స్పెక్టర్ మీద ఉంది. కెప్టెన్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కెప్టెన్‌గారూ, డాక్టరుగారిని తోసింది మీరేనా?"

"అవును."

"మొన్న వాన కురిపించింది కూడా మీరేనా?"

"అవును."

"ఇదుగో, ఈ ఇన్‌స్పెక్టరుగారిని కన్నది మీరేనా?"

"అవును," అన్నాడు కెప్టెన్, అంతే మర్యాదగా.

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డ అయింది. అక్క మాత్రం నవ్వలేదు. "ఇక్కడ కాదు అంటే మొండి అంటారు మేడమ్. కాదు అంటే పాలు లేవు, బయట తిరగడం లేదు. అవును అంటే మంచివాడు. వాడు ఇక్కడ నేర్చుకున్న చదువు అదొక్కటే."

అత్తగారికి ఆ మాట ముల్లులా దిగింది.

"ఆ గుండీల సంగతి నీకేమైనా తెలుసా అమ్మాయ్? డాక్టరుగారు చొక్కా ఎందుకు విప్పుకుంటారు?"

"వీడి కోసం. మొదట్లో డాక్టరంటే వీడికి చచ్చేంత భయం. గొట్టం ఛాతీ మీద పెడితే మంచం కింద దూరేవాడు. మిగతా డాక్టర్లు నలుగురిని పిలిచి పట్టుకునేవాళ్లు. ఈయన ఒక్కడే గుండీలు విప్పి, ముందు నువ్వు నన్ను చూడు, తర్వాత నేను నిన్ను చూస్తా అన్నాడు. అప్పట్నుంచి అదే పద్ధతి. ముందు వీడి వంతు, తర్వాత ఆయన వంతు. ఆయన చూసిన తర్వాతే వీడి గుండెలో చిన్న లోపం ఉందని తెలిసింది. అంతవరకూ ఎవరూ విననే లేదు."

"అంటే స్టెతస్కోపు లాక్కోలేదు. ఆయనే ఇచ్చాడు."

"ఆయనే ఇస్తాడు. వీడు వింటాడు, విన్నది వేలితో కొట్టి చూపిస్తాడు." అక్క గొంతు మొదటిసారి తడబడింది. "వీడు మనుషుల్ని పేరుతో పిలవడు మేడమ్. ఎవరి గుండె ఎలా కొట్టుకుంటే అదే వాళ్ల పేరు. నన్ను పిలవాలంటే ఇలా అంటాడు." ఆవిడ మంచం పట్టె మీద వేలితో గబగబా కొట్టింది. "ఇక్కడ అందరి గుండెలూ విన్నాడు. డాక్టరుగారే దగ్గరుండి వినిపించాడు."

అత్తగారు ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాపింది. "స్టెతస్కోపు ఇలా ఇవ్వు."

"అది సాక్ష్యం."

"వేలిముద్రలు నిన్ననే తీశావు. ఇవ్వు."

అతను సణుగుతూ కవరులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ కెప్టెన్ చెవులకు తగిలించి, చివర తన చీర పైట పక్కన, గుండె మీద పెట్టుకుంది. కెప్టెన్ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అతని చూపుడు వేలు మంచం పట్టె మీద కదిలింది. మెట్లెక్కి వచ్చిన ముసలి గుండె, వేగంగా, మధ్యలో ఒకచోట తడబడుతూ. ఆ తడబాటు సంగతి ఆవిడకూ ఆవిడ డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ చేతి మీద వెంట్రుకలు నిలబడ్డాయి.

"డాక్టరుగారు?" అని అడిగింది.

వేలు కదిలింది. నిదానంగా, ఒకే తీరుగా.

"నిన్న. మెట్ల కింద. డాక్టరుగారు?"

కెప్టెన్ లేవడానికి ప్రయత్నించి మళ్లీ కూర్చున్నాడు. వంగి, నేల మీద ఎవరో పడుకున్నట్టు, అక్కడ గాలిలో గొట్టం చివర ఆనించాడు. వేలు మళ్లీ అదే కొట్టింది. నిదానంగా, ఒకే తీరుగా. కొంచెం బలహీనంగా.

"పడ్డాక విన్నాడు," అంది అత్తగారు. "విన్నప్పుడు ఆయన గుండె ఆడుతోంది. అర్థమైందా అల్లుడూ? ఆయన పడి చావలేదు."

"ఒక పిచ్చివాడి వేలు మీద నేను కేసు నడపాలా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, కానీ గొంతులో పాత బలం లేదు.

"తర్వాత ఏం జరిగింది కెప్టెన్‌గారూ?"

అతను ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి మెల్లగా ఎత్తి ఆవిడ ముఖం మీద పెట్టాడు. అరచెయ్యి ముక్కునూ నోటినీ కప్పేసింది. బలం ఉపయోగించలేదు. చల్లగా, చెమటగా ఉంది. కొంతసేపు అలాగే ఉంచి తీసేశాడు. తర్వాత గొట్టం గాలిలో పెట్టి విన్నాడు. ఈసారి వేలు కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ మంచివాడే, తొందర ఎక్కువ అంతే. ఎవరూ చెప్పకుండానే ఫోన్ తీసి మార్చురీ డాక్టరుకు కలిపాడు. "ఒకసారి పెదవులు లోపలివైపు చూసి చెప్పండి సార్. అవును, ఇప్పుడే. లైన్లో ఉంటాను."

"ఎవరు?" అని అడిగింది అత్తగారు. "చెయ్యి పెట్టింది ఎవరు?"

కెప్టెన్ వేలు పట్టె మీద పడింది. రెండు కొట్లు, ఒక ఖాళీ. రెండు కొట్లు, ఒక ఖాళీ. మళ్లీ అదే. మూడోది రావలసిన చోట ప్రతిసారీ ఏమీ లేదు. కొట్టిన కొద్దీ అతని వేలు నెమ్మదించింది. అలిసిపోయాడు పాపం అనుకుంది ఆవిడ. ఇన్ని ఏళ్లలో ఇంత నిక్కచ్చి సాక్షి తనకు దొరకలేదని ఆవిడ గర్వంగా అనుకుంది కూడా.

తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది. చేతిలో కెప్టెన్ బట్టల సంచి. "బండి గేటు దగ్గరకి వచ్చేసిందండీ. బాబును కిందకి దింపుదామా?"

అత్తగారు లేచి ఎదురెళ్లింది. సంచి అందుకున్నట్టే అందుకుని, ఇంకో చేత్తో పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది. "మీరు చాలా కష్టపడ్డారు. నిన్నటి నుంచి నిద్ర కూడా లేదేమో."

"ఏం చేస్తాం, మా పిల్లలు."

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. అత్తగారి వేళ్ల కింద నాడి కొట్టుకుంటూనే ఉంది. రెండు కొట్లు, ఒక ఖాళీ. రెండు కొట్లు, ఒక ఖాళీ.

"మీ గుండె మూడోసారి కొట్టడం మానేస్తుంది. మీకు ఎవరూ చెప్పలేదా?"

పెద్దమ్మ చెయ్యి లాక్కోబోయింది. అత్తగారు వదల్లేదు.

ఫోన్లో అవతలి గొంతు ఏదో చెప్పింది. ఇన్‌స్పెక్టర్ విన్నాడు, ఫోన్ కిందకి దించాడు. "పై పెదవి లోపల పళ్ల గాట్లు ఉన్నాయట. ఎవరో గట్టిగా అదిమినట్టు." అతను తలుపు దగ్గరకు వెళ్లి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "గువ్వకి సూది వేసింది మీరే కదా? ఆయనకి అది తెలిసింది."

పెద్దమ్మ ముఖంలోంచి పాకం కారిపోయింది. మిగిలింది చాలా మామూలు ముఖం, అలిసిన ముఖం.

"ముప్పైమందిని ఒక్కదాన్నే చూస్తాను. ఒక్కడు అరిస్తే అందరూ అరుస్తారు. మీలో ఎవరైనా ఒక్క రాత్రి ఇక్కడ పడుకున్నారా? ఆయన వారానికి ఒక పూట వచ్చి, గుండెలు వినిపించి పోతాడు. కేసు పెడతానన్నాడు. చెయ్యి విదిలించుకుంటే కాలు జారి తనే పడ్డాడు. అంతవరకూ నా తప్పు లేదు."

"తర్వాత అరగంట ఎవరి తప్పు? వీడు పక్కనే ఉన్నాడు. వీడు చూస్తుండగా ఎలా చేశారు?" అంది అత్తగారు.

పెద్దమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "వీడా?" అంది.

ఎదుట ఒక మనిషి ఉన్నాడని ఆవిడకు అసలు అనిపించలేదు. అత్తగారికి అర్థమైంది అదీ.

"తీసుకుపోవాలంటే తీసుకుపోండి," అంది పెద్దమ్మ, మంచం వైపు చూస్తూ. "వాణ్ణి మాత్రం లేపకండి. మీరు రాకముందే ప్రయాణానికి మత్తు మందు వేశాను. ఇన్‌స్పెక్టరుగారే అన్నారుగా, దారిలో గొడవ లేకుండా చూడమని. దూరం కదా, కొంచెం ఎక్కువే వేశాను."

ఆ మాట అత్తగారికి చెవిలో పడి, బుర్రకి చేరడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత అన్నీ ఒక్కసారే వచ్చాయి. వాలుతున్న రెప్పలు. చల్లటి చెమట. లేవలేక మళ్లీ కూర్చోవడం. అలిసిపోయాడనుకున్న వేలు.

వెనక్కి తిరిగింది. కెప్టెన్ తన అక్క భుజం మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. టోపీ కిందపడింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"తమ్ముడూ," అంటోంది అక్క, అతని చెంప తడుతూ. "ఒరేయ్, కళ్లు తెరువు."

అత్తగారు స్టెతస్కోపు తన చెవులకు తగిలించుకుని అతని ఛాతీ మీద పెట్టింది. ఈ గంటసేపూ అతని చేత అందరి గుండెలూ వినిపించింది. అతనిది వినాలని ఆవిడకు తట్టలేదు. కొట్టుకుంటోంది. ఎక్కడో అడుగున, చాలా దూరం దూరంగా. ఊపిరి అంతకన్నా దూరం.

ఎవరో తలుపు తట్టారు. ఇన్‌స్పెక్టర్ పక్కకి జరగగానే బండివాళ్లు ఇద్దరు లోపలికి వచ్చారు, చేతుల్లో కట్టే పట్టీలతో. మంచం మీది మనిషిని చూసి ఒకడు నిట్టూర్చాడు. "అమ్మయ్య, పడుకున్నాడు. తేలిగ్గా అయిపోతుంది."

"పట్టీలు అవతల పారెయ్యి. బండిలో ఆక్సిజన్ ఉందా?"

"ఉంది కానీ... మాకు రాసిచ్చింది పిచ్చాసుపత్రికి అండి. మామూలు ఆసుపత్రికి తీసుకెళ్తే ఇలాంటివాళ్లని చేర్చుకోరు. నిద్రపోతున్నాడు, పోనివ్వండి అంటారు."

"చేర్చుకుంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మందు వేయమన్నది తనే. "ఎత్తండి. జీపు ముందు పెట్టి దారి నేను తీస్తాను." కానిస్టేబులును పిలిచి పెద్దమ్మను అప్పగించి, కెప్టెన్ కాళ్లు తనే పట్టుకున్నాడు.

బండిలో అక్క తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. ముఖానికి మాస్కు తగిలించారు. అత్తగారు గొట్టం అతని ఛాతీ మీద నుంచి తియ్యలేదు.

"నువ్వు చెప్పావమ్మా. వీడు ఇలా ఉండడు అని చెప్పావు. భయపడ్డాడులే అని నేను నీ నోరు మూయించాను. ఈ ఇంట్లో అందరూ చేసిన పనే నేనూ చేశాను."

అక్క తల ఎత్తలేదు. అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు విను. ఆసుపత్రిలో డాక్టరు వీణ్ణి చూసి, మామూలుగానే ఇలా మత్తుగా ఉంటాడా అని అడుగుతాడు. వాళ్లు నా వైపు చూసి అడుగుతారు, పోలీసు వైపు చూసి అడుగుతారు. జవాబు నువ్వు చెప్పాలి. వాళ్లు వినేదాకా చెప్పాలి. అరిచి చెప్పు, ఫర్వాలేదు."

అక్క తల ఊపింది. బండి గేటు దాటింది. అత్తగారి చెవుల్లో అతని గుండె ఒక్కసారి కొట్టుకోవడం వినిపించింది. ఆవిడ ఊపిరి బిగబట్టి తర్వాతి దాని కోసం ఎదురుచూసింది. అది ఇంకా రాలేదు.